పెద్దదానికి తోడు చిన్నది

నీలం నగర్ వాస్తవ్యులు, పన్నెండు సాంచాల యజమాని శ్రీ గోవర్ధన్ సేట్ గారి ఇంట్లోని పెద్ద ల్యాప్‌టాప్‌కు తోడుగా ఒక చిన్న ల్యాప్‌టాప్‌ను తీసుకురావడం జరిగిందనీ, సమయం తక్కువై ఎవరినీ విడిగా పిలవలేకపోయారనీ, దీన్నే స్వయంగా వచ్చి పిలిచినట్టుగా భావించాలనీ ఇందుమూలంగా తెలియజేయడమైనది.

సాంచా అంటే మరమగ్గమని మీకు వేరే చెప్పనక్కర్లేదు. షోలాపూర్‌లో పుట్టినవాళ్లకు తల్లి గొంతు కంటే ముందు చెవిన పడేది దాని చప్పుడే. చెప్పవలసింది పెద్ద ల్యాప్‌టాప్ గురించి.

అది ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది. హైదరాబాద్ నుంచి వచ్చిన టవళ్ల వ్యాపారి ఒకాయన చాయ్ తాగుతూ "ఇప్పుడంతా ల్యాప్‌టాప్‌లోనే సేట్" అని ఒక మాట అనేసి రైలెక్కి వెళ్లిపోయాడు. ఆ మాట సేట్ గారి గుండెలో ముల్లులా నిలిచిపోయింది. మర్నాడే దుకాణానికి పోయి, ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది ఇమ్మన్నారు. చాదర్ కొన్నా, గుమ్మడికాయ కొన్నా ఆయన పద్ధతి అదే. తెచ్చిన దాన్ని పెద్ద కొడుకు అజయ్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి కార్ఖానా దాకా మోసుకుపోయాడు. మూడు రోజులు నడుముకు నూనె రాయించుకుంటూ బోర్లా పడుకున్నాడు. పైగా దాని బ్యాటరీ హాల్లోంచి గేటు దాకా వస్తుంది, గేటు దాటదు. ఇంత ఘనమైన వస్తువును అటూ ఇటూ తిప్పడం మర్యాద కాదని తీర్మానించి, హాల్లో టేకు బల్ల మీద దాన్ని ప్రతిష్ఠించారు. నెమలి బొమ్మతో ప్రత్యేకంగా ఒక టవల్ నేయించి కప్పారు. చిన్న కొడుకు తుషార్ బీకాం చదివాడు కాబట్టి ఆపరేటర్‌గా నియమితుడయ్యాడు. పొద్దున టవల్ తీయడం, సాయంత్రం టవల్ కప్పడం అతని విధులు. మధ్యలో సినిమాలు.

టవల్ మీద నేయాల్సిన డిజైన్లన్నీ పెద్దదాంట్లోకి ఎక్కాయి. పెద్దది కదలదు కాబట్టి కార్మికులే కదిలారు. కాళ్లు కడుక్కుని, వరసగా హాల్లోకి వచ్చి, డిజైన్‌ను కళ్లారా చూసుకుని, మళ్లీ కార్ఖానాకు పరుగెత్తేవారు. దారిలో ఎవరో పలకరిస్తే రంగు మరిచిపోయేవారు. ఆ ఏడాది బజారులోకి వచ్చిన ఆకుపచ్చ హంసల టవళ్లు అలా పుట్టినవే. కొత్త ఫ్యాషన్ అనుకుని మీరు కూడా రెండు కొన్నారు.

చివరికి పాత కార్మికుడు రాజారాం ఒకరోజు చేతులు కట్టుకుని ఒక సలహా ఇచ్చాడు.

"సేట్, తప్పనుకోకు. నేనొక్కన్నే రెండు సాంచాలు నడుపుతలేనా? ఒకదాన్ల దారం తెగి ఆగితే రెండోది నడుస్తనే ఉంటది. గట్లనే దీనికి గూడ ఒక జోడీ తేరాదు? ఇది ఇంట్ల కూసుంటది, అది మా తానికి వస్తది. ఉరికి ఉరికి నా మోకాళ్లు ఖరాబైనయ్."

మోకాళ్ల సంగతి సేట్ గారికి వినిపించలేదు గానీ జోడీ అన్న మాట నచ్చింది. మళ్లీ అదే దుకాణం. ఈసారి దుకాణదారుడు వేళ్ల మధ్య పట్టుకుని ఒకటి తీసుకొచ్చాడు.

"చిన్నది సేట్. తేలిక. ఒంటి చేత్తో లేపచ్చు. ఎక్కువ తినదు, లౌకర్ వేడెక్కదు, ఆవాజ్ చెయ్యదు. ఏడ పెడితే ఆడ పని జేస్తది."

ఈ మాటలు గుర్తుపెట్టుకోండి; లౌకర్ అంటే త్వరగా అని. సేట్ గారు కూడా గుర్తుపెట్టుకున్నారు.

చిన్నది ఇంటికి వచ్చినప్పుడు సేట్ గారి భార్య ఉష గుమ్మంలో నిలబడి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేందీ, ఇంత బక్కగున్నది? దుకాణమోళ్లు తిండి పెట్టలేనట్టున్నది" అని జాలిపడింది. పెద్దదానికి ఎర్రనీళ్లు తిప్పిన చేత్తోనే దీనికి కూడా తిప్పబోతే సేట్ గారు ఆపి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ప్రసంగించారు.

"అందరు ఇనుండ్రి. పెద్దది పెద్దదే. చిన్నది దాని తోడుకొచ్చింది గని దాని మీదికి రాలే. పొద్దుగాల ముందు పెద్దది తెరవాలె, తర్వాతనే చిన్నది. పెద్దది అప్‌డేట్ల ఉన్నదనుకో, అయ్యేదాంక అందరు ఆగాలె. అప్‌డేట్ నడుమ ఆపితే అరిష్టం. చిన్నదాంట్ల ఏం జేసినా తీస్కపోయి పెద్దదాంట్ల ఎయ్యాలె. బయటికి పోయేది అక్కడ్నించే. బస్."

టేకు బల్ల మీద చిన్నదానికి చోటు లేదు. కాబట్టి వంటింట్లో, జొన్నపిండి డబ్బా పక్కన గూట్లో పెట్టారు. ఆ విధంగా అది, ఎవరూ ప్రత్యేకంగా అప్పగించకుండానే, ఇంటి కోడలు, అజయ్ భార్య పూనం చేతికి వచ్చింది. గూడు తుడిచేది ఆమె కాబట్టి.

పూనం తండ్రి బతికి ఉన్న రోజుల్లో గళ్ల కాగితం మీద టవళ్ల డిజైన్లు గీసేవాడు. పక్కన కూర్చుని గళ్లలో రంగులు నింపిన పిల్ల ఆమె. ఆయన పోయాక తల్లి సుందరాబాయి విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీలో బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. పూనం తొమ్మిదో తరగతితో బడి మానేసి ఆకు కత్తిరించింది. ఇప్పుడు ఒక చేత్తో రొట్టె తిప్పుతూ, రెండో చేత్తో చిన్నదాంట్లో గళ్లు నింపడం మొదలుపెట్టింది. హంసలు మళ్లీ తెల్లబడ్డాయి. దాన్ని కూరగాయల సంచిలో వేసుకుని కార్ఖానాకు పోయి రాజారాంకు రంగులు చూపించి, అదే సంచిలో మెంతికూర వేసుకుని వచ్చేది. సాయంత్రం డిజైన్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి హాల్లోకి తీసుకెళ్తే, తుషార్ సినిమా ఆపి, దాన్ని పెద్దదాంట్లో వేసి, అక్కడి నుంచి వ్యాపారికి పంపేవాడు. డిజైన్లు బ్రహ్మాండంగా ఉన్నాయని వ్యాపారులు ఫోన్ చేస్తే సేట్ గారు గర్వంగా నవ్వేవారు. "పెద్ద మిషన్ మరి. మజాకా అనుకున్నవా?"

ఇందులో పూనంకు పెద్దగా బాధేం లేదు. ఆమె బాధ వేరే ఉంది, దాని వయసు ఐదేళ్లు, పేరు మయూరి.

మయూరి బడిలో అంకెలు నేర్చుకుంటోంది. బడి ఫారంలో తల్లి చదువు అని ఒక గడి ఉంది. అందులో పూనం తొమ్మిది అని రాసింది. మయూరి ఆ తొమ్మిది మీద వేలు పెట్టి చదివింది. కాసేపు ఆలోచించింది.

"అమ్మా, తొమ్మిది తర్వాత పది కదా?"

"అవును బిడ్డా."

"మరి నువ్వెందుకు ఆగినవ్?"

ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. బడికి పోకుండా ఇంట్లో చదువుకుని పదో తరగతి రాసేవాళ్లకు సత్రా నంబర్ ఫారం అని ఒకటుందనీ, అది నింపితే మార్చిలో పరీక్షకు కూర్చోవచ్చనీ ఆమెకు తెలిసింది. ఆఖరు తేదీ గోడ క్యాలెండర్‌లో పెన్సిల్‌తో, ఎవరికీ కనిపించనంత చిన్నగా చుక్క పెట్టుకుంది. అజయ్ ఫోన్‌లో ప్రయత్నిస్తే ఫోటో ఎక్కించే దగ్గర చక్రం తిరుగుతూనే ఉంది. ఇక చిన్నదే దిక్కు.

సోమవారం పెద్దది అప్‌డేట్‌లో ఉంది. అందరూ ఆగారు. మంగళవారం అప్‌డేట్ అయింది గానీ, అది అయిన తర్వాత కావలసిన అప్‌డేట్ మొదలైంది. తుషార్ హాల్లోంచి గంటగంటకూ శాతం ప్రకటించేవాడు. ఉష ఆ అంకె విని దండం పెట్టుకునేది. బుధవారం పెద్దది తెరుచుకుంది, కానీ అప్పటికి పూనం బడి విడిచిన సర్టిఫికెట్ విడీ ఘర్కుల్‌లో, తల్లి బియ్యం డబ్బా అడుగున ఉంది. అది చేతికొచ్చేసరికి గురువారం సాయంత్రమైంది, పెద్దదానికి టవల్ కప్పేశారు. క్యాలెండర్‌లో చుక్క శుక్రవారం మీద ఉంది.

శుక్రవారం ఖండే నవమి.

దసరా ముందు రోజు షోలాపూర్‌లో ఏ పనిముట్టూ కదలదని మీకు తెలుసు. సాంచాలు ఆగిపోతాయి. వాటిని తుడిచి, నూనె వేసి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొడతారు. ఆ రోజు ఆయుధాన్ని ముట్టుకున్నవాడికి ఏడాదంతా దారం తెగుతుందంటారు. పూనం పొద్దున్నే పాలకు పోయినట్టు పోయి, సందు చివరి నెట్ సెంటర్ చూసి వచ్చింది. మూసి ఉంది. అద్దంలోంచి చూస్తే ఏడు కంప్యూటర్లూ మెడలో బంతిపూల దండలతో నిశ్చలంగా కూర్చుని ఉన్నాయి. యజమాని వాటికి హారతి ఇస్తున్నాడు.

ఇంట్లో కూడా ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. పెద్దదానికి నెమలి టవల్ తీసి పట్టు టవల్ వేశారు. కీల మీద పడకుండా జాగ్రత్తగా, తర్వాత జాగ్రత్త మరిచిపోయి, పసుపు చల్లారు. కొబ్బరికాయ, నిమ్మకాయ, మూరెడు దండ. అజయ్ ఫోన్‌ను కూడా దగ్గరి బంధువుగా గుర్తించి, బొట్టు పెట్టి, పెద్దదాని ఒళ్లో పడుకోబెట్టారు. గోడ మీద వైఫై డబ్బాకు కూడా కుంకుమ పెట్టారు గానీ, ఈ రోజు పని చేయకూడదని దానికి ఎవరూ చెప్పలేదు; అది చేస్తూనే ఉంది.

ఉషకు ఒక సందేహం వచ్చింది. "ఏమండీ, చిన్నదానికి గూడ ఇంత కుంకుమ పెడ్దునా?"

గోవర్ధన్ సేట్ గారు పూజ మధ్యలోంచే తీర్పు ఇచ్చారు. రాజారాంతో సహా కార్మికులంతా అక్కడే ఉన్నారు.

"అదేం ఆయుధమే? అది తోడుకున్నది. పెండ్లిపిల్లకు పుస్తె కడ్తరు గని తోడు పెండ్లిపిల్లకు కడ్తరా? గూట్లనే ఉండనియ్యి."

కార్మికులు తలలూపారు. వంటింట్లో పోలెల కోసం పూర్ణం రుబ్బుతున్న పూనం చెయ్యి ఆగింది. ఈ రోజు లోకంలోని పనిముట్లన్నీ విశ్రాంతి తీసుకుంటున్నా, పొయ్యి మాత్రం నలభై మందికి పోలెలు కాలుస్తోందని ఆమె గమనించలేదు. అది ఎవరూ గమనించే విషయం కాదు. ఆమె గమనించింది వేరే. దండ లేనిదానికి నిషేధం కూడా లేదు.

గూట్లోంచి చిన్నదాన్ని తీసి పిండి డబ్బా మీద పెట్టింది. పేరు, ఊరు, తండ్రి పేరు, చదివిన బడి. ఒక పోలె తిప్పింది. సర్టిఫికెట్, ఫోటో. చక్రం తిరిగింది, ఆగింది, ఎక్కింది. ఇంకో పోలె మాడింది. దాన్ని కిందికి నెట్టి పైన మంచిది పెట్టింది. అప్పుడు తెర మీద వచ్చింది: మీ ఫోన్‌కు ఆరు అంకెలు పంపాము, ఇక్కడ రాయండి.

ఫారంలో ఇచ్చిన ఫోన్ అజయ్‌ది. ఆ ఇంట్లో ఆడవాళ్ల కాగితాలన్నిటికీ మగవాళ్ల నంబరే ఇస్తారు, పద్ధతి. ఆ ఫోన్ ఇప్పుడు పెద్దదాని ఒళ్లో బొట్టు పెట్టుకుని పడుకుని ఉంది. ముట్టుకోకూడదు.

ముట్టుకోకూడదు గానీ, దర్శనానికి అభ్యంతరం లేదు.

పూనం చేతులు కడుక్కుని, కొంగు కప్పుకుని హాల్లోకి వెళ్లింది. పెద్దదాని ముందు మోకరిల్లి, బాగా దగ్గరికి వంగి, కళ్లు తెరిచే నమస్కారం చేసింది. పువ్వుల మధ్య ఫోన్ వెలిగింది. ఒక బంతిపువ్వు ఆఖరి రెండు అంకెల మీద ఉంది. ఆమె మెల్లగా ఊదింది. పువ్వు కదిలింది. పెదవులు కదుపుతూ, ఎవరితో మాట్లాడకుండా, వెనక్కి తిరిగి వంటింట్లోకి నడిచింది. దారిలో మయూరి "అమ్మా, నాకు పోలె" అని కొంగు లాగింది. నాలుగో అంకె జారిపోయింది.

మళ్లీ పంపమంది. మళ్లీ దర్శనం. ఈసారి అంకెలు వెంటనే రాలేదు, కాబట్టి నమస్కారం చాలాసేపు సాగింది. మూడోసారి ఆమె సాష్టాంగపడేసరికి ఉషకు కళ్లు చెమర్చాయి. పక్కింటామెతో అంది: "ఎంత భక్తే నా కోడలుకు! మూడుమాట్లు మొక్కింది సూడు. పెదవులు సూడు, ఏదో మంత్రం గూడ సదువుతున్నది."

ఆ మంత్రం ఏడు, సున్నా, ఆరు, ఆరు, రెండు, తొమ్మిది. ఈసారి మయూరి అడ్డం రాలేదు. రెండు చేతుల్లో రెండు పోలెలున్నాయి.

మీ ఫారం అందింది అని తెర మీద వచ్చిన క్షణంలోనే మంచినీళ్ల కోసం వచ్చిన సేట్ గారు గుమ్మంలో నిలబడ్డారు. వెనక రాజారాం ఉన్నాడు.

"ఏందమ్మా ఇది? నవమి నాడు మిషన్ ముట్టినవా?"

పూనం పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది. "మామా... మీరే అన్నరు గద, ఇది ఆయుధం కాదని."

సేట్ గారు రాజారాంవైపు చూశారు. రాజారాం గొంతు సవరించుకున్నాడు. "అన్నరు సేట్. అందరి ముంగట అన్నరు."

"ఏం రాసినవ్ దాంట్ల?"

"సత్రా నంబర్ ఫారం మామా. పదోది రాద్దామని." పొయ్యి మీది పోలె తిప్పింది. "మయూరి అడుగుతున్నది."

ఇచ్చిన తీర్పు వెనక్కి తీసుకుంటే పెద్దరికం పోతుంది. తీసుకోకపోతే కోడలు పాసవుతుంది. సేట్ గారు నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, రెండో తీర్పు ఇచ్చారు.

"ఆడోళ్లు వంటింట్ల చేసింది పని కిందికి రాదు. పనే కానప్పుడు పాపమెట్లయితది? పోలెలు తే."

ఇంత న్యాయంగా ఆలోచించే పెద్దలు మన సమాజంలో ఉండటం మన అదృష్టం.

మార్చిలో పరీక్షలు జరిగాయి. పూనం వంట చేసి వెళ్లి, పరీక్ష రాసి, వచ్చి వంట చేసింది కాబట్టి ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. లెక్కల పరీక్ష సంగతైతే అత్తగారికి మర్నాడు తెలిసింది. ఫలితాలు వచ్చాయి. పాస్. మయూరి బడి ఫారంలోని గడిలో పూనం పది అని రాసి, వేలు పెట్టి చూపించింది. మయూరి కాసేపు ఆలోచించింది.

"అమ్మా, పది తర్వాత పదకొండు."

కులపోళ్ల సభలో పాసైన పిల్లలకు సత్కారం పెట్టారు. పెద్దదాన్ని ఇద్దరు కార్మికులు ఎత్తి, రిక్షాలో ఎక్కించి, వేదిక మీదికి తెచ్చారు. సేట్ గారు మైకు పట్టుకున్నారు.

"సోదర సోదరీమణులారా! మా ఇంటి కోడలు ఇయ్యాల పాసైందంటే కారణం ఏంది? మా ఇంట్ల పెద్ద మిషన్ ఉండుడు. నేను ఆనాడే దూరం ఆలోచించి తెచ్చిన."

శాలువా పెద్దదానికి కప్పారు. బొకే సేట్ గారికి ఇచ్చారు. పూనం ఆఖరి వరసలో, ఒళ్లో కూరగాయల సంచితో కూర్చుని ఉంది. సంచిలో చిన్నది ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. మూడో వరసలో మీరు కూడా ఉన్నారు. ఫోటోలో స్పష్టంగా పడ్డారు.

పాసైన కోడలిని ఇక కూరగాయలకు తిప్పడం, కార్ఖానాకు పంపడం మర్యాద కాదని ఇంట్లో తీర్మానం జరిగింది. ఆమెను హాల్లో, పెద్దదాని పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లకు చూపిస్తారు. మరి పని? దానికి తగిన తోడు తేవాలి కదా. తుషార్‌కు పెళ్లీడు వచ్చింది.

జోడ్‌భావి పేట్‌లో పిల్లను చూశారు. పేరు తృప్తి. పన్నెండో తరగతి మంచి మార్కులతో అయింది, కాలేజీలో చేరాలని ఆశ. సేట్ గారు అటుకుల పోహా తింటూ పిల్లను చూసి, కూడా వచ్చిన పెద్దలవైపు తిరిగి అన్నారు.

"చిన్నది. తేలిక. ఎక్కువ తినదు, లౌకర్ వేడెక్కదు, ఆవాజ్ చెయ్యదు. కాలేజీ ఎందుకు? ఇంట్ల ఒక పాస్ ఉన్నది గద."

అందరూ తలూపారు. ఈసారి మీరు ముందు వరసలోనే కూర్చున్నారు. పోహాలో నిమ్మకాయ తక్కువైందని కూడా అన్నారు.

పిల్లతో లోపల మాట్లాడివస్తానని పూనం లేచింది. వెళ్లేటప్పుడు భుజాన ఉన్న కూరగాయల సంచి బరువుగా ఉంది, వచ్చేటప్పుడు ఖాళీగా ఊగింది. లోపల ఆమె అన్నవి రెండే మాటలు. "చార్జర్ లోపటి అరల ఉన్నది. కాలేజీ ఫారానికి ఆఖరు శనివారం."

ఆమెకు అది లేకపోయినా నష్టం లేదు. హాల్లో కూర్చోబెట్టారు కాబట్టి, ఎవరూ లేని మధ్యాహ్నాల్లో శాలువా తీసి, పెద్దదాంట్లో పదకొండో తరగతి ఫారం నింపుకుంటోంది. పెద్దది దాని జన్మలో చేసిన మొదటి అసలైన పని అది. పసుపు వల్ల రెండు కీలు గట్టిగా నొక్కాలి, అంతే.

ఆరు వారాలైనా పిల్ల తరఫువాళ్ల దగ్గర్నుంచి కబురు రాలేదు. సేట్ గారు అసహనపడ్డారు. "ఏమైందే? పిల్ల ఔను అనదు, కాదు అనదు. పోయి గట్టిగ అడుగుదునా?"

పూనం శాలువా సర్దుతూ నెమ్మదిగా అంది. "అప్‌డేట్ల ఉన్నది మామా. నడుమ ఆపితే అరిష్టమని మీరే అన్నరు."

సేట్ గారు ఆలోచించారు. అన్న మాట నిజమే, అందరి ముందూ అన్నారు. చేతులు జోడించి కూర్చున్నారు. ఇంకా కూర్చునే ఉన్నారు.

ఇదంతా చదివి మీరు బాగా నవ్వుకున్నారని తెలిసి సంతోషం. నవ్వి, వెనక్కి వాలి, వంటింటివైపు తిరిగి మీరు చాయ్ అడిగినప్పుడు, లోపలి నుంచి జవాబు కాస్త ఆలస్యంగా, ఏదో మూసిన చప్పుడు తర్వాత వచ్చింది. గమనించారా?